చచ్చిన లైనుకి నీలిరంగు

మునిసిపల్ ఆఫీసులో ఆమెని అందరూ బీరువా మేడం అంటారు. ఎదురుగా కాదు, చాటుగా. ఆ పేరు ఎవరు పెట్టారో ఆమెకి తెలుసు, ఎందుకు పెట్టారో కూడా తెలుసు. లోపల ఏముందో చెప్పదు, తాళం ఎవరికీ ఇవ్వదు, కదిలిద్దామంటే నలుగురు మనుషులు కావాలి. ఆ పేరు మీద ఆమెకి కోపం లేదు. కోపం తెచ్చుకోడానికి ఆ ఆఫీసులో అంతకంటే మంచి కారణాలు బోలెడున్నాయి.

ఆమె ఇంజనీరింగు విభాగంలో రికార్డుల సూపర్‌వైజరు. ఏ రోడ్డు కింద ఏ పైపు పోతోందో, ఏ మురుగు కాలువ ఏ మలుపులో ఎంత లోతుకి దిగిందో, ఏ వంతెన పునాదిలో ఎంత ఇనుము పడిందో చెప్పే డ్రాయింగులన్నీ ఆమె చేతికింద ఉంటాయి. ఆఫీసు వెనక ఒకప్పుడు రోడ్డు రోలర్లు నిలిపిన షెడ్డే రికార్డు రూము. నేల మీద ఆయిలు మరకలు ఇప్పటికీ పోలేదు. గోడల వెంట వెడల్పాటి ఇనుప సొరుగులు, వాటిలో కలరా ఉండల వాసన, మధ్యలో అద్దం బల్ల, దాని కింద ట్యూబులైటు. గుమ్మం పక్కనే కుళాయి, సబ్బు, తువ్వాలు. చేతులు కడుక్కోకుండా ఎవరూ షీటు ముట్టుకోకూడదు. ఒకసారి కమిషనరు కూడా కడుక్కున్నాడు. "ఆపరేషనేమన్నా చేయిస్తారా మేడం నాచేత?" అని నవ్వాడు గానీ, కడుక్కున్నాడు.

పెళ్ళి కాకముందే ఆమె ఇక్కడ ట్రేసరుగా చేరింది. పల్చటి గుడ్డకాగితం మీద ఊపిరి బిగబట్టి ఇంకుతో గీతలు గీసే పని. ఒక్క చుక్క పడితే బ్లేడుతో గీరాలి, గీరితే కాగితం చిరుగుతుంది, చిరిగితే మళ్ళీ మొదటికి. అప్పటి హెడ్డు డ్రాఫ్ట్స్‌మన్ రోజూ ఒకే మాట అనేవాడట: "అమ్మాయ్, నువ్వు గీసేది కాగితం మీద కాదు, రేపు ఎవడో గునపం దించే చోట." ఆ మాట ఆమె మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే హాయిగా బతికేది.

ఆ షెడ్డులో ఒక అలవాటుంది. ఏ రూల్సు పుస్తకంలోనూ లేనిది. శనివారం మధ్యాహ్నం పని ముగించుకుని ఫిట్టర్లు అక్కడికి వస్తారు. కాళ్ళ బురదతోనే గోడవార బెంచీ మీద కూర్చుని, ఆ వారం ఎక్కడ తవ్వారో, ఏం వేశారో, ఏం వదిలేశారో చెబుతారు. ఇంజనీరు కాగితం మీద గీసేది ఒకటి, భూమిలో పడేది ఇంకొకటి. మధ్యలో బండ అడ్డమొస్తుంది, టెలిఫోను తీగ అడ్డమొస్తుంది, పలుకుబడి ఉన్నవాళ్ళ ప్రహరీ అడ్డమొస్తుంది. పైపు పక్కకి తప్పుకుంటుంది. అలా నిజంగా పడ్డ పైపుని ఆమె అసలు షీటు మీద ఎర్ర పెన్సిలుతో గీస్తుంది. ఎరుపంటే నీళ్ళు పారే పైపు, బతికిన లైను. పాత పైపుని పైకి తియ్యడం దండగని మట్టిలోనే వదిలేస్తే దాని మీద నీలం గీత. నీలమంటే చచ్చిన లైను.

ఫిట్టరు "ఎడమవైపు వేశామమ్మా" అంటే ఆమె గీసెయ్యదు. "ఎటు తిరిగి నిలబడితే ఎడమ?" అని అడుగుతుంది. అప్పుడా మనిషి లేచి, వీధిలో నిలబడ్డట్టే నిలబడి, చేతులు చాచి, "ఇటు మసీదో గుడో ఏదో ఉందిలెండి, ఇటు మందుల షాపు" అని చూపించాలి. ఒక్కోసారి ఇద్దరికి మాట కుదరక ఇద్దరూ లేచి గిరగిరా తిరుగుతారు. "శనివారం వచ్చిందంటే మేడంగారి డాన్సు క్లాసు మొదలు" అని అకౌంట్సు వాళ్ళు కిటికీలోంచి చూసి నవ్వుకునేవారు.

ఆ డాన్సులో అందరికంటే పాతవాడు ఒక ఫిట్టరు. ఇనుప కమ్మీ ఒక కొస పైపుకి ఆనించి, ఇంకో కొస చెవికి ఆనించి నీళ్ళ చప్పుడు వినేవాడు. ఆమె అతన్ని అన్నా అంటుంది. అతను ఆమెని అమ్మా అంటాడు. ఏళ్ళ తరబడి అంతే, అంతకు మించి ఒకరి ఇల్లు ఒకరికి తెలియదు.

డ్రాయింగులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని ఆర్డరొచ్చినప్పుడు అందరికంటే సంతోషించింది ఆమే. చెదలకి భయపడి, వానకి భయపడి, తాళానికి మళ్ళీ తాళం వేసుకుని ఎన్నాళ్ళని కాపలా కాస్తుంది? కంపెనీవాళ్ళు పెద్ద స్కానింగు మిషను తెచ్చి షెడ్డులో పెట్టారు. వాళ్ళ చేత కూడా చేతులు కడిగించింది. మొదటి షీటు లోపలికి వెళ్ళి తెర మీద కనపడగానే ఆమె దగ్గరికి ఒంగి చూసింది. ఎరుపూ నలుపే, నీలమూ నలుపే. రెండు గీతలూ కవలపిల్లల్లా పక్కపక్కనే పడుకున్నాయి.

జరిగిందేమిటంటే, టెండరు కాగితాలు తయారుచేసినవాళ్ళు కొత్తగా రాయడానికి బద్ధకించి, అంతకుముందు పన్నుల సెక్షనులో ఇంటిపన్ను రసీదులు స్కాను చేయించిన టెండరునే తీసుకుని, రసీదులు అన్నచోట డ్రాయింగులు అని మార్చారు. రసీదులకి రంగులుండవు. నలుపూ తెలుపూ చాలు. డ్రాయింగులకి కూడా అదే రాసేశారు. రాసినవాడు పెద్దింజనీరు.

మీటింగులో ఆమె లేచి రంగుల సంగతి అడిగింది. కంపెనీ మేనేజరు, "టెండర్లో బ్లాక్ అండ్ వైటే ఉంది మేడం. లైను కనపడుతోందిగా, ఇంకేంటి?" అన్నాడు.

"లైను కనపడితే చాలదు బాబూ. అందులో ప్రాణం ఉందో లేదో కనపడాలి."

"రంగులేంటండీ, మనమేమన్నా చీరల షాపుకొచ్చామా?" అన్నాడు బల్లకి అవతలివైపు కూర్చున్న స్టోర్సు ఆఫీసరు. బల్ల చుట్టూ నవ్వు. పెద్దింజనీరు మాత్రం నవ్వలేదు, టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. మీటింగు మినిట్సులో ఒక వాక్యం పడింది: రికార్డుల సూపర్‌వైజరు సూచన గమనించబడినది. గమనించబడినది అంటే ఆ ఆఫీసు భాషలో పూడ్చిపెట్టబడినది అని అర్థం.

స్కానింగు ముగిసింది. ఇక మిగిలింది ఒక్క సర్టిఫికెట్టు. "నకళ్ళు అసలు డ్రాయింగులకి అన్ని విధాలా సరిపోయినవి" అని ఆమె సంతకం పెట్టాలి. పెడితే అసలు షీటులన్నీ కాగితం గుజ్జు మిల్లుకి పోతాయి. ఖాళీ అయిన షెడ్డు మీటింగు హాలవుతుంది. ఏసీ కూడా పెడతారట. ఆమె సంతకం పెట్టలేదు. తొందరేమీ లేదు కాబట్టి ఎవరూ గట్టిగా అడగలేదు. కానీ వీధుల్లోకి వెళ్ళే ప్రింట్లు మాత్రం కంప్యూటర్లోంచే వెళ్ళడం మొదలైంది. షెడ్డుకొచ్చి చేతులు కడుక్కునే బాధ తప్పిందని ఓవర్సీర్లు సంబరపడ్డారు.

బట్టల షాపులుండే వీధిలో కొత్త మురుగు కాలువ వేస్తూ తవ్వితే పక్కపక్కనే రెండు పైపులు బయటపడ్డాయి. ఒకటి కోసి తియ్యాలి. ఓవర్సీరు చేతిలో ప్రింటు ఉంది, అందులో రెండు నల్లగీతలున్నాయి. ఆ పాత ఫిట్టరే కమ్మీ ఆనించి విన్నాడు. రెండింట్లోనూ చప్పుడు లేదు. ఆ వీధికి నీళ్ళు వదిలేది సాయంత్రం. మధ్యాహ్నం పూట ఖాళీ పైపూ చచ్చిన పైపూ ఒకేలా ఉంటాయి.

"ఈ లైను నేనే వేశాను సార్. ఏది కొత్తదో మేడంగారికి చెప్పి గీయించాను. అప్పట్లో ఈ రోడ్డు ఇంత వెడల్పు లేదు, ఇప్పుడు పోల్చుకోలేకపోతున్నా. ఒక్కసారి వెళ్ళి అసలు షీటు చూసొస్తా."

"చేతిలో కాగితం పెట్టుకుని ఇంకో కాగితం చూడ్డానికెళ్తావా? షాపులవాళ్ళు పీక మీద కూర్చున్నారు. కాలువకి అడ్డమొచ్చింది ఇదేగా, కొయ్."

కోశారు. లోపల తడి కనపడింది. "తడిగా ఉంది సార్" అన్నాడు ఫిట్టరు. "మొన్న వాన పడలేదా ఏంటి?" అన్నాడు ఓవర్సీరు. సాయంత్రం కూలీలు గోతిలో ఉండగా పంపుహౌసులో మీట నొక్కారు.

ఆ తరువాత సంగతి ఊరంతా చూసింది. నీళ్ళు మనిషెత్తు లేచాయి. కూలీ ఒకతను గోతి గోడకి కొట్టుకుని కాలు విరిగింది. షాపుల కింది గదుల్లో బట్టలన్నీ నానిపోయాయి. సగం ఊరికి రెండు పూటల నీళ్ళు లేవు. మర్నాటి పేపర్లో ఫొటో వచ్చింది. ఆ ఫొటో వచ్చాక ఎవడో ఒకడు దొరకాలి. ఫిట్టరు దొరికాడు. బతికిన లైనుని చచ్చిన లైనని పొరబడి కోశాడని సస్పెండు చేసి విచారణ పెట్టారు.

అప్పుడు అందరికీ ఆ సర్టిఫికెట్టు గుర్తొచ్చింది. నకలు అసలుకి సరిపోయిందని రికార్డుల సూపర్‌వైజరు రాసిస్తే కాగితంలో తప్పు లేనట్టే. కాగితంలో తప్పు లేకపోతే తప్పంతా కోసినవాడిదే. ఆమె సంతకం పెడితే ఫిట్టరు ఉద్యోగం పోతుంది, షీటులు గుజ్జులోకి పోతాయి, పెద్దింజనీరు టెండరు భద్రంగా ఉంటుంది. అంతా ఒక్క గీతలో.

ఆ రాత్రి అన్నాలప్పుడు ఆమె గిన్నెలు ఎత్తి కుదేస్తోంది. భర్త సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి, విషయం విని, నెమ్మదిగా అన్నాడు: "సంతకమే కదా, పెట్టెయ్యకూడదూ? ఇంకెన్నాళ్ళు సర్వీసుంది నీకు? నీ సంతకంతో ఊరేం మునిగిపోదు."

"మునిగింది. పేపర్లో చూళ్ళేదా?"

అత్తగారు పళ్ళు లేని నోటితో అన్నం కలుపుకుంటూ కొడుకు వైపు చూసింది. "ఒరేయ్, ఆగమనే దీపమూ పొమ్మనే దీపమూ రెండూ నల్లగా వెలిగితే నువ్వు బస్సు నడుపుతావా?"

"అది వేరు, ఇది వేరమ్మా."

"ఏం వేరు? గుద్దితే ఎవడి కాలో విరుగుతుంది. విరిగినవాడే తప్పు చేశాడంటారు." అని, కోడలి వైపు తిరిగింది. "నీ కోపం బాగానే ఉంది గానీ, దాన్ని కూర మీద చూపించకు తల్లీ. అడుగంటి మాడింది."

మర్నాడు పెద్దింజనీరు పిలిపించాడు. ఈ పెద్దింజనీరు గురించి ఒకమాట చెప్పాలి. చదువైన కొత్తలో ట్రైనీగా వచ్చి మొదట పనిచేసింది ఈ షెడ్డులోనే. ఆమె బల్ల దగ్గరే నిలబడి ఎరుపేమిటో నీలమేమిటో నేర్చుకున్నాడు. ఆమె టిఫిను డబ్బాలో సగం తిన్నాడు. నలుగురిలో మేడం అంటాడు, తలుపు వేసి ఉంటే అక్కా అంటాడు. ఆ రోజు తానే లేచి తలుపు వేశాడు.

"కూర్చో అక్కా."

ఆమె కూర్చోలేదు. "నీకు తెలీదా?" అంది.

"తెలుసు."

"ఎర్రగీత నా పెన్సిలు లాక్కుని గీసినవాడివి. నీలం మర్చిపోయి తిట్లు తిన్నవాడివి. ఆ కాగితంలో ఏం పోయిందో తెలిసి కూడా ఆ ఫిట్టర్ని ఇంటికి పంపావు."

"తెలుసక్కా. తెలిసి ఏం చెయ్యమంటావు? టెండర్లో తప్పుందని నేనే రాసుకోనా? ఎంక్వైరీ నా మీదకొస్తుంది. ప్రమోషను లిస్టులో ఉన్నాను. ఫిట్టరుకి ఏదో ఒకటి చూద్దాంలే, ఏదైనా కంపెనీలో పెట్టిద్దాం."

"ఆయనేం కుర్చీనా, ఇక్కణ్ణించి తీసి అక్కడ పెట్టడానికి?"

"అక్కా, నువ్వు పెట్టకపోతే ఇంకొకళ్ళు పెడతారు."

"పెట్టనీ. ఆ ఇంకొకళ్ళెవరో నేనూ చూస్తాను."

సాయంత్రానికి బదిలీ కాగితం వచ్చింది. జనన మరణాల నమోదు కౌంటరుకి. ఆఫీసులో అందరూ పడిపడి నవ్వారు. అత్తగారు ఇంట్లో నవ్వింది: "మంచిదేగా, అక్కడైనా బతికినవాళ్ళకీ చచ్చినవాళ్ళకీ వేరువేరు రంగులుంటాయేమో కనుక్కో." ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. పళ్ళు బిగబట్టుకుని నిద్రపోయిందేమో, పొద్దున లేచేసరికి దవడ నొప్పి.

ఆమె స్థానంలోకి వచ్చినవాడు పన్నుల సెక్షనులో తల నెరిసిన గుమాస్తా. అతన్ని ఆఫీసంతా ఆవలింత అంటారు. పొద్దున వచ్చినప్పుడు ఒకటి, ఫైలు విప్పినప్పుడు ఒకటి, మూసినప్పుడు ఒకటి. షెడ్డులోకి అడుగుపెట్టి నాలుగు గోడలూ చూసి, నోరు బార్లా తెరిచి, ఆ పని కానిచ్చుకుని, "ఏవండీ, ఛార్జి కాగితం రాసేశారా? సంతకం పెట్టేస్తాను, టీ తాగి పోదాం" అన్నాడు.

ఛార్జి అప్పగించడమంటే ఆ ఆఫీసులో ఎప్పుడూ అంతే. "అన్నీ సరిగా అందినవి" అని ఒక వాక్యం, కింద రెండు సంతకాలు, ఒక టీ. కానీ సాంకేతిక రికార్డుల రూలు వేరు. షీటు షీటూ విప్పి ఇద్దరూ చూసి ఇద్దరూ సంతకం పెట్టాలి. అది పూర్తయ్యేదాకా ఒక్క షీటూ గది దాటకూడదు. ఆ రూలు ఉందని అందరికీ తెలుసు. పాటించినవాణ్ణి ఎవరూ చూడలేదు.

"ముందు చేతులు కడుక్కుని రండి" అంది ఆమె.

కొత్తమనిషి సంతకం ఖాయమనుకుని పిలిపించిన గుజ్జు మిల్లు లారీ వచ్చి ఖాళీగా వెనక్కి పోయింది. పెద్దింజనీరు ఫోను చేశాడు, అప్పగింత తొందరగా తేల్చమన్నాడు. "రూలు పాటించొద్దని రాసివ్వండి సార్, ఇవాళే ముగించేస్తాను" అంది. రాసిచ్చేవాడెవడు? నోటితో చెప్పేవాళ్ళు వందమంది, రాసేవాడు ఒక్కడుండడు.

ఆమె మొదటి సొరుగు నుంచి మొదలుపెట్టలేదు. బట్టల షాపుల వీధి షీటుతో మొదలుపెట్టింది. అద్దం బల్ల మీద పరిచి, కింద లైటు వేసి, పక్కన కంప్యూటరు ప్రింటు పెట్టింది. ఆవలింత రెండూ చూశాడు. "రెండూ ఒకటేగా?" అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఫిట్టరు నిలబడి ఉన్నాడు, అలవాటు కొద్దీ చేతులు కడుక్కుంటూ.

సస్పెండైన మనిషి ఆఫీసుకి రాకూడదు. అతను శుభ్రమైన చొక్కా తొడుక్కుని, గడ్డం గీసుకుని వచ్చాడు. బురద లేని కాళ్ళతో అతన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. జేబులోంచి టైపు చేసిన కాగితం తీశాడు.

"ఓవర్సీరుగారు ఇచ్చారమ్మా. ఇది పెడితే సోమవారం డ్యూటీలోకి రమ్మన్నారు. పెట్టనా? చదివి చెప్పు."

చదివింది. నా అజాగ్రత్త వల్ల జరిగినది, క్షమించగలరు, ఇకముందు ఇలా జరగదు. భాష పెద్దింజనీరుది. ఆ 'గలరు' అతను ట్రైనీగా ఉన్నప్పుడు సెలవు చీటీల్లో కూడా రాసేవాడు.

"ఇది పెడితే తప్పు నీదని నువ్వే ఒప్పుకున్నట్టు. రేపు దీన్నే పట్టుకుని మొత్తానికి తీసేస్తారు. నీకు బుద్ధుందా అన్నా?"

"బుద్ధి ఉంది గానీ ఇంట్లో కూర్చోలేకపోతున్నానమ్మా. మా ఆవిడ నన్ను కూడా చచ్చిన లైన్లో కలిపేసింది. కుళాయి కారుతోంది బాగుచెయ్యమంటే, 'వద్దులే, నువ్వు ముట్టుకుంటే ఇల్లు మునుగుద్ది' అంటోంది."

ఆవలింత పకపకా నవ్వాడు. ఫిట్టరు కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. షీటు వైపు వేలు చూపించింది. "ఈ నీలం గీత ఎవరు చెబితే గీశాను?"

"నేనే చెప్పాను. కొత్త పైపు కాలువ వైపు, పాతది షాపుల వైపు. ఇదిగో, ఇలా నిలబడి." అని అతను నిలబడి చెయ్యి చాచాడు. "నేను చెప్పిందే నాకు తెలీదని రాశారు కదమ్మా. అందుకే కోపం కంటే నవ్వే ఎక్కువొస్తోంది."

"నాకు రావట్లేదు" అంది ఆమె. "ఒక్క వారం ఆగు. నీకేదో చేసిపెడతానని చెప్పను. నా చేతిలో ఏమీ లేదు. కానీ ఒక్క వారం అది పెట్టకు."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అతను వెళ్ళాక ఆవలింత షీటు మీదికి ఒంగాడు. కళ్ళజోడు పైకి తోసి, దింపి, మళ్ళీ తోశాడు. "ఇక్కడ నీలం. ఇందులో నలుపు" అన్నాడు.

"ఇప్పుడు కనపడిందా?"

"ఈ గదిలో ఇలాంటి నీలాలెన్ని ఉన్నాయి?"

"ఊరంతా."

"నేను అన్నీ సరిపోయాయని సంతకం పెట్టాననుకోండి. రేపు ఇంకో వీధిలో పగిలితే?"

"విచారణ గది బెంచీ మీద ఆ ఫిట్టరు పక్కనే మీకూ చోటుంటుంది."

ఆవలింతకి ఆవలింత సగంలో ఆగిపోయింది. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండి, మెల్లిగా మూశాడు. "అమ్మ వీళ్ళ దుంప తెగ! తేలిక సీటని కదా పంపించారు నన్ను!" అన్నాడు. ఆ మధ్యాహ్నం అతను మొదటిసారి కోపంగా కనిపించాడు. ఆమె మీద కాదు.

తరువాతి వారం పొడుగునా ఇద్దరూ షీటులు విప్పారు. ప్రతి షీటుకీ ఎక్కడ ఎరుపుందో, ఎక్కడ నీలముందో, నకలులో అది లేదనీ రాసి ఇద్దరూ సంతకం పెట్టారు. వారం చివర పెద్దింజనీరు ఆవలింతని గదికి పిలిపించాడు. ఆవలింత చాలాసేపటికి షెడ్డుకి తిరిగి వచ్చాడు.

"ఏమన్నారు?"

"సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టమన్నారు. పెట్టాను."

ఆమె చేతిలో పెన్సిలు విరిగింది. నిజంగానే విరిగింది. "సిగ్గు లేదటయ్యా మీకు? వారం రోజులు నా పక్కన కూర్చుని, ఆ నీలాలన్నీ మీ కళ్ళతో చూసి..."

"ఆగండాగండి, పూర్తిగా వినండి. పెట్టాను. కానీ సంతకం పైన 'రంగులు మినహా' అని రాసి పెట్టాను. పన్నుల్లో పుట్టి పెరిగినవాణ్ణి మేడం. నా మెడకి చుట్టుకునేదేదీ మినహా లేకుండా తీసుకోను. ఆయన చదివి, కొట్టెయ్యమన్నారు. ఇంకుతో రాసింది కొట్టేస్తే కొట్టేసినట్టు కనపడుతుంది సార్ అన్నాను." అని హాయిగా, నిండుగా ఆవలించాడు.

అతనికి ధైర్యం ఉందని కాదు. భయమే. కానీ ఆ ఆఫీసులో ఎవడి భయం వాడు సరిగ్గా పడితే చాలు, సగం అన్యాయాలు జరగవు.

రంగులు మినహా అన్న సర్టిఫికెట్టు విచారణలో పెడితే మొదట వచ్చే ప్రశ్న, రంగులెందుకు పోయాయని. ఆ ప్రశ్న ఎవరికీ అక్కర్లేదు. విచారణ నాలుగు వాక్యాల్లో ముగిసింది. సాంకేతిక కారణాల వల్ల జరిగిన సంఘటన. ఫిట్టరుని డ్యూటీలోకి తీసుకున్నారు. జేబులో కాగితం జేబులోనే చిరిగిపోయింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ సస్పెన్షన్లో ఇంట్లో కూర్చున్న రోజులన్నీ అతని సొంత సెలవులోంచి కోసేశారు. కాలు విరిగిన కూలీ కాంట్రాక్టరు మనిషి కాబట్టి ఏ కాగితంలోనూ లేడు. ఆమె బదిలీ రద్దు కాలేదు. షీటులు గుజ్జు మిల్లుకి పోలేదు గానీ, రంగుల్లో మళ్ళీ స్కాను చెయ్యడానికి కొత్త టెండరు పిలిచారు. అది అదే కంపెనీకి వచ్చింది.

ఆ సంగతి తెలిసిన రోజు మెట్ల దగ్గర పెద్దింజనీరు ఎదురుపడ్డాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "మొత్తానికి అన్నీ సర్దుకున్నాయి కదక్కా" అన్నాడు.

"సర్దుకోలేదు. నువ్వు సర్దేశావు. ఇంకోసారి నన్ను అక్కా అనకు. మేడం అను, తలుపు మూసి ఉన్నా సరే."

అతను రెండు మెట్లు దిగి ఆగాడు. చంకలో ఫైలు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆమెకి అందులో తృప్తేమీ కలగలేదు. ఇంటికి వెళ్ళి ఆ కథంతా చెబితే భర్త, "పోనీలే, ఫిట్టరు నిలబడ్డాడుగా" అన్నాడు.

"నిలబడ్డం ఏంటి? ఆయన తప్పు లేదని ఒక్కడన్నా రాశాడా? సాంకేతిక కారణాలట! కారణానికి పేరుంది, కుర్చీ ఉంది, కుర్చీ కింద కార్పెట్టుంది."

అత్తగారు ఈసారి జోకు వెయ్యలేదు. "తిను" అంది.

జనన మరణాల కౌంటరు ఆఫీసు ముందు భాగంలో, ఇనుప కిటికీ వెనక. రోజంతా ఆ కిటికీలోంచి ఒక చెయ్యి మిఠాయి పొట్లంతో వస్తుంది, ఇంకో చెయ్యి శ్మశానం రసీదుతో వస్తుంది. రెండు చేతులకీ ఆమె ఒకే రకంగా, పేరులో అక్షరాలు రెండుసార్లు అడిగి రాస్తుంది. అక్కడ కూడా అప్పుడే ఎవరో ఆమెకి పేరు పెట్టారని విన్నది. ఏం పేరో కనుక్కోలేదు.

శనివారం మధ్యాహ్నం కౌంటరు మూసే వేళకి కిటికీ అవతల ఇద్దరు నిలబడ్డారు. ఒకరు ఆవలింత, చంకలో పొడుగాటి రేకు గొట్టం, అందులో చుట్టిన షీటు. గది దాటించకూడని షీటు. పక్కన ఫిట్టరు, కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద.

"ఈయన వచ్చి చెబుతానంటాడు, నాకు గీత రాదు మేడం" అన్నాడు ఆవలింత. "నేను గీస్తే పైపు కాస్తా పామైపోతోంది. బయటికి తీసుకెళ్ళినట్టు మూమెంటు రిజిస్టర్లో రాసే తెచ్చాను, ముందే చెబుతున్నా, తిట్టకండి."

ఆమె తిట్టింది. షీటు బయటికి తెచ్చినందుకు తిట్టింది, వానాకాలంలో మూత బిగించనందుకు తిట్టింది, ఒక శనివారం వదిలేసి ఈ శనివారం వచ్చినందుకు ఇద్దర్నీ కలిపి తిట్టింది. తిడుతూనే పక్క తలుపు గడియ తీసింది. బల్ల మీది మరణాల ఫారాలు ఒకవైపు, జననాల ఫారాలు ఒకవైపు నెట్టి, మధ్యలో చోటు చేసింది.

"చేతులు?"

ఇద్దరూ వెళ్ళి కడుక్కుని వచ్చారు. ఆమె షీటు పరిచి, నాలుగు మూలలా పేపరువెయిట్లు పెట్టి, హ్యాండుబ్యాగులోంచి రెండు పెన్సిళ్ళు తీసింది.

"ఊఁ, చెప్పు. ఎక్కడ?"

"పంపుహౌసు వెనక సందులోనమ్మా. కొత్తది ఎడమవైపు పడింది."

"ఎటు తిరిగి నిలబడితే ఎడమ?"